చక్రాల కుర్చీకి దారి కావాలి: హైటెక్ సిటీ ప్రయాణంలో వికలాంగుల సౌకర్యాలు, హక్కులు

దాతల సహకారంతో మన సంఘం వికలాంగులకు చక్రాల కుర్చీలు, మూడు చక్రాల సైకిళ్లు, చేతికర్రలు, వినికిడి యంత్రాలు అందిస్తూ వస్తోంది. పంపిణీ రోజున పందిరి వేస్తాం, పెద్దలను పిలుస్తాం, ఫొటోలు తీయిస్తాం. అందుకున్నవారి ముఖాల్లో కనిపించే సంతోషం చూసి దాతలూ తృప్తి పడతారు. ఇందులో తప్పేమీ లేదు. అయితే మరునాటి నుంచి ఆ కుర్చీ ఎంత దూరం వెళుతోందన్న ప్రశ్న మిగిలే ఉంది. గల్లీ చివరి వరకేనా? బస్టాపు దాకానా? కళాశాలకూ, ఉద్యోగానికీ చేరుతోందా?

కుర్చీ ఇవ్వడం సగం పని. అది వెళ్లే దారి ఉండటం మిగతా సగం. ఆ రెండో సగాన్ని దాతలు కొనివ్వలేరు. మెట్రో, రైల్వే, ఆర్టీసీ, మున్సిపల్ అధికారులు, చట్టం, తోటి ప్రయాణికులు కలిస్తేనే అది సమకూరుతుంది. అందుకే ఈ సంచికలో హైటెక్ సిటీ దారిని తీసుకుని, ప్రజారవాణాలో వికలాంగుల కోసం ఏమేమి సౌకర్యాలు ఉంటాయి, అవి ఎలా పనిచేస్తాయి, ఎక్కడ తెగిపోతాయి, ఎలా అడిగి సాధించుకోవాలి అన్న విషయాలు వివరించదలిచాం.

ఈ దారే ఎందుకు?

1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాలు నగరానికి ఉపాధి కేంద్రాలయ్యాయి. అక్కడున్నవి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల ఉద్యోగాలే కావు. అకౌంట్స్, కాల్ సెంటర్, డేటా ఎంట్రీ, రిసెప్షన్ వంటి పనులూ వేల సంఖ్యలో ఉన్నాయి. వీటిలో చాలావాటికి నడవగలిగే కాళ్ల కంటే పనిచేసే బుర్ర, కంప్యూటర్ మీద ఆడే చేతులు ముఖ్యం. చూపు లేనివారు సైతం తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సాయంతో ఇలాంటి పనులు చేయగలుగుతున్నారు.

అంటే వికలాంగ యువతకు ఆశ పుట్టించగల ఉద్యోగాలు నగరంలో ఎక్కడైనా ఉన్నాయంటే ఆ వైపే ఎక్కువ. కానీ పాతబస్తీ నుంచి అక్కడికి చేరడమే కష్టం. రోజూ రానూ పోనూ ఆటో కట్టుకుంటే జీతంలో పెద్ద భాగం దానికే పోతుంది. ఇంటర్వ్యూలో నెగ్గినా ప్రయాణం చేయలేక ఉద్యోగం వదులుకుంటే, అది ఆ మనిషి అసమర్థత అనడం అన్యాయం.

ప్రయాణం ఒక గొలుసు

ఒక ఉదాహరణ అనుకుందాం. యాకుత్‌పురాలో ఉండే ఒక అమ్మాయి బీకాం పూర్తి చేసింది. వెన్నెముక దెబ్బతినడంతో చక్రాల కుర్చీ వాడుతుంది. మాదాపూర్‌లో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. ఆమె ముందు ప్రధానంగా రెండు దారులున్నాయి.

మొదటిది ఎంఎంటీఎస్. ఫలక్‌నుమా, లింగంపల్లి మధ్య నడిచే రైలు యాకుత్‌పురా స్టేషన్‌లోనూ, హైటెక్ సిటీ స్టేషన్‌లోనూ ఆగుతుంది. రెండోది మెట్రో. ఇంటి నుంచి ఎంజీబీఎస్ స్టేషన్ వరకు ఆటోలో వెళ్లి, అక్కడ మియాపూర్ వైపు వెళ్లే రెడ్ లైన్ రైలెక్కి, అమీర్‌పేటలో దిగి, రాయదుర్గం వైపు వెళ్లే బ్లూ లైన్‌కు మారాలి.

ఏ దారి ఎంచుకున్నా అది ఒక్క ప్రయాణం కాదు. ఇంటి గుమ్మం, గల్లీ, ఆటో, స్టేషన్ ముందు ఫుట్‌పాత్, లిఫ్ట్, టికెట్ గేటు, ప్లాట్‌ఫాం, రైలు పెట్టె, మళ్లీ లిఫ్ట్, మళ్లీ రోడ్డు, చివరకు ఆఫీసు గేటు. ఇవన్నీ గొలుసు కడియాలు. పదింటిలో తొమ్మిది గట్టిగా ఉండి ఒక్కటి తెగినా ఆమె ఆఫీసుకు చేరదు. స్టేషన్‌లో లిఫ్ట్ ఉన్నా, ఆ లిఫ్ట్ ముందు జానెడు ఎత్తు మెట్టు ఉంటే కుర్చీలో ఉన్న మనిషికి లిఫ్ట్ లేనట్టే. సౌకర్యాల గురించి మాట్లాడేటప్పుడు ఈ ఒక్క విషయం మరచిపోకూడదు.

మెట్రోలో ఏమున్నాయి?

హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్ 28న మొదలైంది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వరకు 2019 మార్చి 20న, అక్కడి నుంచి రాయదుర్గం వరకు 2019 నవంబర్ 29న రైళ్లు నడవసాగాయి. మొదటి దశలో మూడు మార్గాలు, 57 స్టేషన్లు, సుమారు 69 కిలోమీటర్లు. అంతా రోడ్డు మీదుగా స్తంభాలపై కట్టినదే. అందువల్ల ప్రతి ప్రయాణికుడూ కింది నుంచి టికెట్ అంతస్తుకు, అక్కడి నుంచి ప్లాట్‌ఫాంకు ఎక్కాల్సిందే. కుర్చీ వాడేవారికి లిఫ్టే ప్రాణాధారం. ఎస్కలేటర్ మీద చక్రాల కుర్చీ ఎక్కించడం ప్రమాదకరం, ఎవరూ ఆ సాహసం చేయవద్దు.

లిఫ్ట్: కుర్చీలో కూర్చున్న మనిషి చేతికి అందే ఎత్తులో బటన్లు, చూపు లేనివారు తడిమి తెలుసుకునేలా బటన్ల పక్కన బ్రెయిలీ గుర్తులు, ఏ అంతస్తు వచ్చిందో చెప్పే గొంతు, పట్టుకోవడానికి కడ్డీ. మంచి లిఫ్ట్‌కు ఇవి లక్షణాలు.

వెడల్పు గేటు: టికెట్ చూపించి లోపలికి వెళ్లే గేట్లలో మామూలువి ఒక మనిషి పట్టేంత ఉంటాయి. వాటి వరుసలో ఒకటి వెడల్పుగా ఉంటుంది. కుర్చీలో వచ్చేవారు దానిలోంచే వెళ్లాలి.

పసుపు పలకలు: స్టేషన్ నేలమీద ఉబ్బెత్తుగా కనిపించే పసుపు పలకలను చాలామంది అలంకారం అనుకుంటారు. అవి చూపు లేనివారికి దారి చూపే భాష. పొడవాటి గీతలున్న పలక అంటే 'ఇటు నడువు' అని అర్థం. గుండ్రటి బొడిపెలున్న పలక అంటే 'ఆగు, ముందు మెట్లో, మలుపో, ప్లాట్‌ఫాం అంచో ఉంది' అని హెచ్చరిక. చేతికర్రతోనో, అరికాలితోనో ఆ తేడా తెలుస్తుంది. జపాన్‌కు చెందిన సెయిచీ మియాకే అనే ఆయన చూపు కోల్పోతున్న స్నేహితుడి కోసం 1965లో వీటిని రూపొందించారు. 1967లో ఒకాయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర రోడ్డు మీద మొదటిసారి పరిచారు. ఒక మిత్రుడి మీది ప్రేమతో మొదలైన ఆలోచన నేడు ప్రపంచమంతటా కోట్లాది మంది పాదాల కింద ఉంది. ఆ పలకల మీద సూట్‌కేసు పెట్టడం, గుంపుగా నిలబడి కబుర్లు చెప్పుకోవడం అంటే ఇంకొకరి దారి మూసినట్టే.

ప్రకటనలు, తెరలు: రాబోయే స్టేషన్ పేరును తెలుగు, హిందీ, ఇంగ్లిష్ భాషల్లో వినిపిస్తారు. అది చూడలేనివారికి. అదే సమాచారం తెర మీద అక్షరాల్లో కనిపిస్తుంది. అది వినలేనివారికి. ఒకే సంగతిని కంటికీ చెవికీ కూడా అందించడం మంచి రవాణా వ్యవస్థకు మూలసూత్రం.

రైలు పెట్టె: మెట్రోలో ప్లాట్‌ఫాం, పెట్టె నేల దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. పెద్ద మేలు ఇదే. అయినా మధ్యలో కొద్దిపాటి సందు ఉంటుంది. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి కాబట్టి ఆ సందులో ఇరుక్కునే అవకాశం ఉంది. ఏటవాలుగా కాకుండా తలుపుకు ఎదురుగా నేరుగా పోనివ్వాలి. తోసేవారు ఉంటే ముందు చక్రాలను కాస్త పైకి లేపి సందు దాటించాలి. లోపల కుర్చీ కోసం ఉంచిన ఖాళీ చోట నిలిపి, చక్రాలకు బ్రేకు వేసుకోవాలి.

అమీర్‌పేటలో రెండు మార్గాలూ వేర్వేరు అంతస్తుల్లో కలుస్తాయి. కొత్తగా వెళ్లేవారు అక్కడ తికమక పడతారు. మొదటి రెండు మూడు రోజులు ఇంట్లోవారు ఒకరు వెంట వెళ్లి, ఏ లిఫ్ట్ ఎక్కడికి చేరుస్తుందో చూపించి రావడం మంచిది. అలాగే దిగే స్టేషన్‌లో ఆఫీసు రోడ్డుకు ఏ పక్కన ఉందో ముందే తెలుసుకుని ఆ పక్కకే దిగాలి. పొరపాటున అవతలి పక్కన దిగితే, మాదాపూర్ రోడ్డు మీది ట్రాఫిక్‌లో కుర్చీతో దాటడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

ఎంఎంటీఎస్ సంగతి

ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో మొదలైంది. పాతబస్తీ వారికి మారే పని లేకుండా హైటెక్ సిటీ వరకు తీసుకెళ్లే రైలు ఇదే. టికెట్ ధర తక్కువ. రైల్వే నిర్ణయించిన వర్గాల వికలాంగులకు నెలవారీ సీజన్ టికెట్‌లో 50 శాతం రాయితీ ఉంది. దాని కోసం రైల్వే ఇచ్చే రాయితీ కార్డు తీసుకోవాలి.

అయితే ఇక్కడ కష్టాలు వేరు. రైలు ఆగేది కొద్దిసేపే. పెట్టె నేల ప్లాట్‌ఫాం కంటే ఎత్తుగా ఉన్నచోట కుర్చీతో సొంతంగా ఎక్కడం కుదరదు. ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకోదానికి పాదచారుల వంతెన మెట్లే దారి అయినచోట, కుర్చీ వాడేవారి ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. చూపు లేనివారికి, చేతికర్రతో నడిచేవారికి ఈ రైలు కొంత అనుకూలమే.

ఇంకొక జాగ్రత్త. హైటెక్ సిటీ అనే పేరుతో రైల్వే స్టేషన్ ఒకటి, మెట్రో స్టేషన్ ఒకటి ఉన్నాయి. పేరు ఒకటే కానీ చోటు ఒకటి కాదు. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి మారే దూరం కాదు. ఇంటర్వ్యూకు వెళ్లేవారు ఏ స్టేషన్ దగ్గరో ముందే అడిగి తెలుసుకోవాలి.

బస్సు మెట్లు

నగరంలో ఎక్కువ మందికి ఇప్పటికీ బస్సే ఆధారం. బస్సుల్లో వికలాంగులకు సీట్లు కేటాయించి ఉంటాయి, పాసుల్లో రాయితీలున్నాయి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అంటే మన ఉదాహరణలోని అమ్మాయికి టికెట్ డబ్బులు అడ్డు కావు. ఆమెకు అడ్డు బస్సు మెట్లు.

పట్టణ బస్సుల కోసం కేంద్రం రూపొందించిన ప్రమాణాల్లో నేల ఎత్తును బట్టి మూడు రకాలున్నాయి. లో-ఫ్లోర్ బస్సు నేల రోడ్డు నుంచి 400 మిల్లీమీటర్లు, సెమీ లో-ఫ్లోర్ 650, మామూలుది 900. లో-ఫ్లోర్ బస్సులో లోపలికి మెట్టు ఉండదు. తలుపు దగ్గర మడత పలక తెరిస్తే అదే వాలు దారి అవుతుంది, కుర్చీ నేరుగా లోపలికి వెళుతుంది. కొన్ని బస్సులు ఆగినప్పుడు ఒక పక్కకు కొద్దిగా వంగి ఎత్తు ఇంకా తగ్గిస్తాయి కూడా. 900 మిల్లీమీటర్ల బస్సుకు మెట్లు తప్పవు.

ఇక్కడ కూడా గొలుసు సూత్రమే. లో-ఫ్లోర్ బస్సు వచ్చినా అది బస్టాపు పక్కకు ఆనుకుని ఆగకుండా రోడ్డు మధ్యలో ఆగితే, ఆ పలక వేయడానికి వాలు సరిపోదు. డ్రైవరు ఒక్క నిమిషం ఓపిక పట్టి పక్కకు తీయడం, కండక్టరు దిగి పలక పరచడం కూడా సౌకర్యంలో భాగమే.

చివరి అర కిలోమీటరు

ఐటీ ప్రాంతంలో అద్దాల భవనాలు మెరుస్తుంటాయి. చాలా భవనాల లోపల వాలు దారులు, వెడల్పు లిఫ్టులు, ప్రత్యేక మరుగుదొడ్లు ఉంటాయి. స్టేషన్ లోపల కూడా ఉంటాయి. ఈ రెండింటి మధ్య ఉన్న ఫుట్‌పాత్ మీదే చాలా ప్రయాణాలు ఓడిపోతాయి. ఫుట్‌పాత్ మీద నిలిపిన బైకులు, కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, తోపుడు బండ్లు, ప్రతి గేటు దగ్గరా తెగి మళ్లీ మొదలయ్యే ఎత్తులు, బైకులు ఎక్కకుండా పాతిన ఇనుప గుంజలు. ఆ గుంజల మధ్య ఎడం తక్కువైతే బైకుతో పాటు చక్రాల కుర్చీ కూడా ఆగిపోతుంది.

వాలు దారికి ఒక లెక్క ఉంది, అందరూ గుర్తుంచుకోదగినది: ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఆరంగుళాల మెట్టుకు కనీసం ఆరడుగుల వాలు కావాలి. ఇంతకంటే నిటారుగా కడితే కుర్చీ ఎక్కదు, దిగేటప్పుడు ముందుకు తూలి పడుతుంది. చాలాచోట్ల 'ర్యాంపు' పేరుతో కట్టేది స్కూటర్ ఎక్కడానికి పనికివస్తుంది తప్ప కుర్చీకి పనికిరాదు.

దయ కాదు, హక్కు

1995 నాటి వికలాంగుల చట్టంలో రవాణా గురించి చెప్పినా, సంస్థలు తమ ఆర్థిక స్థోమత మేరకు చేయాలన్నారు. స్థోమత లేదని చెబితే పని అయిపోయేది. భారతదేశం 2007లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. దానికి అనుగుణంగా వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతోంది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఉంటే, ఇందులో 21 ఉన్నాయి.

ఈ చట్టం 41వ సెక్షన్ మన విషయానికి ముఖ్యం. బస్టాపులు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాల్లో పార్కింగ్, మరుగుదొడ్లు, టికెట్ కౌంటర్లు, టికెట్ యంత్రాలు వికలాంగులకు అనువుగా ఉండాలని, రోడ్లు కూడా అలాగే ఉండాలని అది చెబుతుంది. 44వ సెక్షన్ ప్రకారం ఈ నిబంధనలు పాటించని భవనానికి నిర్మాణ అనుమతి ఇవ్వకూడదు. 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా, ప్రైవేటుదైనా సరే, వికలాంగులకు సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. హైటెక్ సిటీలో ఉద్యోగానికి వెళ్లేవారు ఆ విధానం కాపీ చూపించమని అడగవచ్చు.

సుప్రీంకోర్టు కూడా ఇందులో కలుగజేసుకుంది. చూపు లేని హక్కుల కార్యకర్త రాజీవ్ రతూరి 2005లో వేసిన పిటిషన్ మీద 2017 డిసెంబర్‌లో కోర్టు ఆదేశాలిచ్చింది. అవి ఎంతవరకు అమలయ్యాయో పరిశీలించే పనిని మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ కేంద్రం నివేదికను ఆధారం చేసుకుని 2024 నవంబర్ 8న మరో తీర్పు వచ్చింది. సౌకర్యాల ప్రమాణాలు కేవలం సూచనలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరిగా పాటించాల్సిన కనీస నియమాలు విడిగా ఉండాలని, వాటిని మూడు నెలల్లో రూపొందించాలని కోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. 'వీలైతే చేస్తాం' అనే మాటకూ, 'చేయాల్సిందే' అనే మాటకూ ఉన్న దూరాన్ని తగ్గించిన తీర్పు ఇది.

అడగడం ఎలా?

ముందుగా యూడీఐడీ కార్డు తీసుకోవాలి. సదరం ధ్రువపత్రం ఉన్నవారు కూడా దీన్ని పొందడం మంచిది, ఎందుకంటే ఇది దేశమంతటా చెల్లుతుంది. చాలా పథకాలకు, రాయితీలకు 40 శాతం వైకల్యం కనీస అర్హత.

స్టేషన్‌లో సాయం కావాలంటే సిబ్బందిని అడగాలి. మొహమాట పడవద్దు. రైల్వేకు సంబంధించిన సాయానికి, ఫిర్యాదుకు 139 నంబరు ఉంది. లిఫ్ట్ పనిచేయకపోయినా, దారికి అడ్డం ఉన్నా ఆ రోజు తేదీ, సమయం, స్టేషన్ పేరు, ఏ పక్క అన్నది రాసుకుని ఫొటో తీయాలి. ముందు ఆ సంస్థకే లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి. స్పందన లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు దరఖాస్తు చేయవచ్చు. కమిషనర్ సిఫారసు చేస్తే, సంబంధిత అధికారులు మూడు నెలల్లో ఏ చర్య తీసుకున్నారో తెలియజేయాలని చట్టం చెబుతోంది. 'లిఫ్ట్ ఎప్పుడూ పాడవుతుంది' అన్న మాటకు ఎవరూ జవాబు చెప్పరు. 'ఫలానా రోజు ఉదయం 9 గంటలకు ఫలానా పక్క లిఫ్ట్ ఆగి ఉంది' అన్న మాటకు జవాబు చెప్పక తప్పదు.

మనం చేయగలిగింది

లిఫ్ట్ ముందు కుర్చీ వాడేవారు, చేతికర్ర వాడేవారు, వృద్ధులు, గర్భిణులు ఉంటే మనం ఎస్కలేటర్ వైపు వెళదాం. వారికి లిఫ్ట్ తప్ప వేరే దారి లేదు. పసుపు పలకల మీద నిలబడవద్దు, బండి పెట్టవద్దు. చూపు లేనివారిని చెప్పకుండా చేయి పట్టి లాగవద్దు. 'సాయం కావాలా?' అని అడిగి, కావాలంటే మన మోచేతిని పట్టుకోనిచ్చి ఒక అడుగు ముందు నడవాలి. కుర్చీని కూడా అడగకుండా తోయవద్దు. అది వారి శరీరంలో భాగం లాంటిది. పైకి కనిపించని వైకల్యాలూ ఉంటాయి కాబట్టి, ప్రత్యేక సీట్లో కూర్చున్న వారిని అనుమానంగా ప్రశ్నించవద్దు.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇంటి ముంగిటా చూసుకుందాం. మన దుకాణాల ముందు, షాదీఖానాల ముందు, మసీదుల ముందు ఎన్ని మెట్లున్నాయి? వాటి పక్కన ఒకటికి పన్నెండు లెక్కన వాలు దారి ఉందా? వుజూ చేసే చోటికి కుర్చీ వెళుతుందా? కొత్తగా కట్టేటప్పుడే వాలు పెడితే పెద్దగా ఖర్చు కాదు. కట్టిన తర్వాత పగలగొట్టి పెట్టాలంటేనే భారం.

మన సంఘం వంతుగా ఒక మార్పు ప్రతిపాదిస్తున్నాం. ఇప్పటివరకు దరఖాస్తు ఫారంలో పేరు, చిరునామా, వైకల్య శాతం, ఆదాయం అడుగుతున్నాం. ఇకపై ఇంకో రెండు ప్రశ్నలు చేర్చాలి. 'మీరు రోజూ ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారు? దారిలో ఎక్కడ ఆగిపోతున్నారు?' ఆ జవాబులన్నీ ఒకచోట చేర్చి, స్టేషన్ల వారీగా, రోడ్ల వారీగా రాసి, సంబంధిత అధికారులకు వినతిపత్రాలుగా అందిద్దాం. ఈ పనికి చందా అవసరం లేదు. వారానికి ఒక గంట సమయం ఇచ్చి, వికలాంగ మిత్రుల వెంట స్టేషన్ దాకా వెళ్లి చూసి రాసుకొచ్చే యువకులు, యువతులు కావాలి. ఆసక్తి ఉన్నవారు సంఘం కార్యాలయంలో తమ పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.